పట్టా చేతికొచ్చింది, పని చేతికి రావట్లేదు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇంజినీరింగ్ అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలవే, రెండు మాత్రం వాళ్ల అమ్మానాన్నలవి. అందుకని మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా. నేను సివిల్ వాణ్ని, ఇరవై ఏడేళ్లు సైట్ల మీదే తిరిగాను, కాబట్టి సివిల్ ప్రశ్నకు జవాబు పొడుగైతే సర్దుకోండి.

ప్రశ్న: బీటెక్ సివిల్ చేసి నాలుగు నెలల క్రితం నల్లగండ్ల దగ్గర ఒక అపార్ట్‌మెంట్ సైటులో చేరాను. మేస్త్రీ నా మాట వినడు, "మీరు నీడలో కూర్చోండి మేడమ్, మేం చూసుకుంటాం" అంటాడు. మొన్న స్లాబ్ వేసేటప్పుడు రెడీమిక్స్ (ప్లాంట్‌లోనే కలిపి తెచ్చే కాంక్రీట్) బండిలోకి పైపు పెట్టి నీళ్లు పోస్తుంటే ఆపమని అరిచాను. పంపు కుర్రాళ్లు నవ్వారు. మా ప్రాజెక్ట్ మేనేజర్ కూడా "ఇవన్నీ మామూలే" అనేశారు. నాలుగేళ్లు చదివింది దేనికో అర్థం కావట్లేదు. ఇంకో విషయం, సైటులో ఆడవాళ్లకు బాత్రూమ్ లేదు, సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా ఉంటున్నాను.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చివర రాసిన దాంతోనే మొదలుపెడతా. నువ్వు దాన్ని "ఇంకో విషయం" అన్నావు గానీ నీ ఉత్తరంలో పెద్ద విషయం అదే. (మా అమ్మాయి వయసుదానివి, నువ్వు అనే అంటాను.) ఎండలో పది గంటలు నీళ్లు తాగకుండా నిలబడితే యూరిన్ ఇన్‌ఫెక్షన్ రావడానికి ఎన్నో రోజులు పట్టదు. సైటులో మరుగుదొడ్లు పెట్టాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు, అది కంపెనీ దయ కాదు. ఎవరితోనూ గొడవ పడొద్దు. సేఫ్టీ ఆఫీసర్‌కీ ప్రాజెక్ట్ మేనేజర్‌కీ కలిపి నాలుగు లైన్ల మెయిల్ పెట్టు, నీ ఒక్కదాని గురించే కాదు, అక్కడ ఇసుకా ఇటుకా మోసే ఆడకూలీల సంగతి కూడా అందులో రాయి. నోటితో అడిగితే "చూద్దాంలే" అంటారు, మెయిల్ వస్తే ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు.

ఇక బండిలో నీళ్లు. నువ్వు ఆపమన్నది సరైన మాటే, కాకపోతే అన్న టైమ్ కుదరలేదు. బండి వచ్చి, పంపు స్టార్ట్ అయి, పైన ఇరవై మంది పారలు పట్టుకుని ఎదురుచూస్తుంటే అప్పుడు నేను చెప్పినా వినరు. అసలు వాళ్లెందుకు పోస్తారో చూడు. ఔటర్ దగ్గర ట్రాఫిక్‌లో బండి గంటన్నర ఇరుక్కుంటుంది, ఎండకు కాంక్రీట్ బిగుసుకుంటుంది, పంపు జామ్ అయితే ఆ పైపులన్నీ విప్పి, లోపలిది కొట్టి, కడిగి మళ్లీ బిగించాల్సింది నిన్ను చూసి నవ్విన కుర్రాళ్లే. నీళ్లు ఎక్కువైతే స్లాబ్ బలం తగ్గుతుందన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు, నడుం నొప్పి సంగతి మాత్రం బాగా తెలుసు. ఆరు క్యూబిక్ మీటర్ల బండిలో 60 లీటర్లు పోశారనుకో, క్యూబిక్ మీటరుకు పది లీటర్లు ఎక్కువైనట్టు. మీటరుకు 350 కిలోల సిమెంటు, నీళ్లూ సిమెంటూ నిష్పత్తి 0.45 అని డిజైన్ చేసి ఉంటే అది 0.48కి జారిపోతుంది. కాలేజీలో రెండు మార్కులకు చేసిన లెక్కే ఇది. దీన్ని మీ మేనేజర్‌కు కాగితం మీద చూపించు, అయితే స్లాబ్ రోజున కాదు, ముందు రోజు.

ముందు రోజే ప్లాంట్‌లో క్వాలిటీ చూసే ఇంజినీర్‌కు ఫోన్ చేసి దూరం, టైమ్, సైటుకు చేరాక ఎంత స్లంప్ (కాంక్రీట్ ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) కావాలో చెప్పు. బండి రాగానే చలాన్ తీసుకో, లోడ్ చేసిన టైమ్ దాని మీదే ఉంటుంది. రెడీమిక్స్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం లోడ్ చేసిన రెండు గంటల్లోపు దించేయాలి, గట్టిపడటం ఆలస్యం చేసే అడ్మిక్స్చర్ (కాంక్రీట్‌లో వేసే రసాయనం) కలిపితే ఇంకొంత వెసులుబాటు ఇచ్చారు. బిగుసుకుని ఉంటే నీళ్లకు బదులు ప్లాంట్ వాళ్ల చేతే అడ్మిక్స్చర్ కొంచెం వేయించి డ్రమ్ము తిప్పించు. అప్పటికీ నీళ్లే పోస్తామంటే, ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలకు అని చలాన్ వెనకాల రాసి డ్రైవర్‌ను సంతకం పెట్టమను. సంతకం మాట వినగానే పైపు దానంతటదే పక్కకు పోతుంది, నేను చాలాసార్లు చూశాను.

ఇంకొకటి కూడా చూశాను. బండి రాగానే, నీళ్లు పోయకముందే, బలం పరీక్షించే క్యూబులు నింపేస్తారు. 28 రోజులకు క్యూబ్ దర్జాగా పాసవుతుంది. పైన స్లాబ్‌లో ఉన్నది మాత్రం ఆ కాంక్రీట్ కాదు! నీ క్యూబులు పైన పోసే చోటే తీయించు, ఎవర్నీ ఒక్క మాట అనక్కర్లేదు.

మేస్త్రీ విషయం. నేను చేరిన కొత్తలో ఒక సైటులో బాల్కనీ స్లాబ్ వేస్తున్నాం. బాల్కనీ గోడలోంచి బయటికి వేలాడినట్టు ఉంటుంది కాబట్టి మెయిన్ రాడ్లు పైన ఉండాలని పుస్తకంలో చదివాను, పొద్దున్నే టేపు పట్టుకుని కొలిచాను, అన్నీ డ్రాయింగ్ ప్రకారమే ఉన్నాయి, సంతకం పెట్టేసి టిఫిన్‌కు వెళ్లాను. మధ్యాహ్నం పోత నడుస్తుండగా మేస్త్రీ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి "చూడు బాబూ" అన్నాడు. తట్టలు మోసేవాళ్లు తొక్కుతూ తిరిగేసరికి పైన ఉండాల్సిన రాడ్లు కిందికి కుంగి షట్టరింగ్ రేకుకు (కాంక్రీట్ కింద పరిచే అచ్చు) రెండు వేళ్ల ఎత్తులో ఉన్నాయి. రాడ్లను ఎత్తి పట్టే కుర్చీలు అక్కడక్కడా కట్టి వదిలేశారు, నేను పొద్దున రాడ్లు లెక్కపెట్టాను గానీ కుర్చీలు చూడలేదు. ఆయన పోత ఆపించి, రాడ్లు లేపి, దగ్గర దగ్గరగా కుర్చీలు కట్టించాడు. సాయంత్రం టీ తాగుతూ నన్నడిగాడు, "ఇవి పైనే ఎందుకుండాలి బాబూ?" అని. ముప్పై ఏళ్లుగా కడుతున్నాడట, ఎవరూ చెప్పలేదట. సిగరెట్ పెట్టె మీద బొమ్మ గీసి చూపించాను. ఆ తర్వాత నన్ను ఎప్పుడూ నీడలో కూర్చోమనలేదు.

నువ్వూ బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ రాడ్‌ను ఎలా వంచాలో ఉండే పట్టిక) తీసుకుని "మేస్త్రీ గారూ, ఈ రింగులు ఇక్కడ ఎందుకు దగ్గరగా ఇచ్చారో చెప్తాను, మీరు ఇవి కట్టడం చూపించండి" అని ఒకరోజు ఆయన పక్కన కూర్చుని చూడు.

ప్రశ్న: క్యాంపస్‌లో ఏడాదికి ఆరు లక్షల ప్యాకేజీ అన్నారు. ఊళ్లో అందరికీ నెలకు యాభై వేలని చెప్పాం. మొదటి జీతం 37 వేల చిల్లర పడింది. మోసపోయానా?
- ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: మోసం కాదు, ఆఫర్ లెటర్ రెండో పేజీ చదవకపోవడం. ఊళ్లో చెప్పేముందు ఆ పేజీ చూసి ఉంటే సరిపోయేది. సీటీసీ అంటే కంపెనీకి నీ మీద అయ్యే మొత్తం ఖర్చు, నీ చేతికి వచ్చే డబ్బు కాదు. నీ కాగితం నా దగ్గర లేదు గానీ ఇలాంటివి ఎలా ఉంటాయో వేసి చూపిస్తా. 6,00,000లో పది శాతం వేరియబుల్, అంటే 60,000 పక్కకు పోయింది, అది ఏడాది చివర నీ రేటింగ్ బట్టీ కంపెనీ పరిస్థితి బట్టీ వస్తుంది, పూర్తిగా వస్తుందని అప్పు మాత్రం చేయకు. బేసిక్ నెలకు 25,000 అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, నెలకు 3,000, ఏడాదికి 36,000. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, 14,430. అది మామూలుగా ఐదేళ్లు అక్కడే ఉంటే తప్ప చేతికి రాదు, అయినా మొదటి రోజు నుంచే ప్యాకేజీలో లెక్కేస్తారు! ఇన్సూరెన్స్ ఒక 6,000. ఇవన్నీ తీసేస్తే నెలకు 40,297 మిగులుతుంది. అందులో నీ వాటా పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200 పోతే 37,097. నీకు పడిందీ దాదాపు ఇంతే కదా? ఈ జీతానికి కొత్త పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు, ఎవరైనా కోశారంటే హెచ్ఆర్‌ను అడుగు.

పీఎఫ్ కింద పోయేది పోయినట్టు కాదు, రెండు వాటాలూ నీవే. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి చేరి, అప్పటికే బేసిక్ 15,000 దాటినవాళ్లను పెన్షన్ స్కీమ్‌లోకి తీసుకోరు, కాబట్టి కంపెనీ 3,000 కూడా నీ పీఎఫ్ ఖాతాలోకే రావాలి. పాస్‌బుక్ తెరిచి చూసుకో. యూఏఎన్ అని 12 అంకెల నంబర్ ఒకటి ఇస్తారు, కంపెనీ మారినా అదే నంబర్ ఇవ్వాలి, కొత్తది తీసుకుంటే తర్వాత రెండు ఖాతాలు కలపడానికి తిరిగి తిరిగి చెప్పులరుగుతాయి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో, పీఎఫ్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూడు. మన ఇంటిపేర్లతో వచ్చే తిప్పలు అన్నీ ఇన్నీ కావు, ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఉత్త అక్షరం.

ప్రశ్న: మా అబ్బాయికి ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. రెండేళ్లు బాండ్ రాయాలి, మధ్యలో మానేస్తే లక్షన్నర కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచాలి అంటున్నారు. బాండ్లు కోర్టులో చెల్లవని వీడియోల్లో చెబుతున్నారు, సంతకం పెట్టేయమంటారా?
- ఒక తండ్రి, తాడేపల్లిగూడెం

జవాబు: ఆ వీడియోలు చూసి సంతకం పెట్టకండి సార్. ఉద్యోగం మానేశాక ఇంకెక్కడా పనిచేయకూడదనే షరతు కాంట్రాక్ట్ చట్టంలోని 27వ సెక్షన్ కింద చెల్లదు, నిజమే. కానీ "ఇన్నేళ్లు పనిచెయ్యి, లేదంటే ఇంత కట్టు" అనేది వేరే సంగతి. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంక్ కేసులో సరిగ్గా ఇదే తేల్చింది: మూడేళ్లు నిండకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, మళ్లీ నోటిఫికేషన్ వేసి మనిషిని తీసుకోవాలంటే ఖర్చవుతుందన్నది అక్కడి వాదన. ప్రైవేటు కంపెనీ మీ అబ్బాయికి ఏ శిక్షణా ఇవ్వకుండా లక్షన్నర అడిగితే, 74వ సెక్షన్ ప్రకారం న్యాయమైన పరిహారం మించి ఇప్పించరని మీరు వాదించొచ్చు. కానీ ఆ వాదనకు వకీలు ఫీజూ వాయిదాలూ మీవే. అందుకని చేరేముందే అడగండి: ట్రైనింగ్ ఎన్ని నెలలు, ఎక్కడ, ఏడాది పనిచేసి మానేస్తే ఆ మొత్తం సగమవుతుందా లేదా, వాళ్లే తీసేస్తే పరిస్థితేమిటి. జవాబులు మెయిల్‌లో తెప్పించుకోండి.

సర్టిఫికెట్ల విషయంలో మాత్రం ఒక్కటే మాట. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ ఇవ్వకండి. రేపు ఎంటెక్‌కో, ఏపీపీఎస్సీ వెరిఫికేషన్‌కో కావాల్సి వస్తే ఆ కాగితాల కోసం వాళ్ల గేటు ముందు నిలబడాల్సి వస్తుంది. మంచి కంపెనీలు ఒరిజినల్స్ చూసి అదే రోజు తిరిగి ఇచ్చేస్తాయి.

మీరు అడగలేదు గానీ, ఎవరైనా "ముందు లక్ష కట్టండి, బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం" అంటే ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి. మా దూరపు చుట్టాలబ్బాయి ఒకడు మాదాపూర్‌లో అలా చేరి, డబ్బు కట్టి, రెండు నెలలు కట్టిన డబ్బులోంచే జీతం తీసుకున్నాడు. మూడో నెల వెళ్లేసరికి ఆఫీసుకు తాళం.

ప్రశ్న: మాది అనకాపల్లి జిల్లా. మెకానికల్ చేసి పుణె దగ్గర చాకణ్‌లో కారు విడిభాగాలు చేసే కంపెనీలో ట్రెయినీ ఇంజినీర్‌గా చేరాను. ప్రెస్ షాపులో వేశారు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా షిఫ్టు, భాష రాదు, రేకుల్లో అంచులు సరిగా తెగక రిజెక్ట్ అవుతున్నాయని నేను రాసిన రిపోర్ట్ మూడుసార్లు తిప్పి పంపారు. నా ఫ్రెండ్స్ హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసుల్లో ఉన్నారు. మానేసి అమీర్‌పేట వెళ్లి జావా నేర్చుకోనా?
- ఒక పాఠకుడు, చాకణ్

జవాబు: తమ్ముడూ, ముందు ఆ రిపోర్ట్ సంగతి. ప్రెస్ షాపు నాకు తెలిసిన లోకం కాదు, మా బావమరిది ముప్పై ఏళ్లు అందులోనే చేశాడు, అతన్ని అడిగి రాస్తున్నా. "కారణం: ఆపరేటర్ నిర్లక్ష్యం అని రాసి ఉంటాడు" అన్నాడు నీ ప్రశ్న వినగానే. అవునా? కొత్తగా చేరిన ప్రతివాడూ అదే రాస్తాడట, ప్రతిసారీ తిరిగి వస్తుందట. టయోటా వాళ్ల దగ్గర పుట్టిన పద్ధతి ఒకటుంది, ఎందుకు అని ఐదుసార్లు అడగడం, నీ సూపర్‌వైజర్‌కు కావాల్సింది అది. అంచు ఎందుకు సరిగా తెగలేదు, పంచ్ (రేకును కోసే పనిముట్టు) మొద్దుబారింది. ఎందుకు మొద్దుబారింది, సాన పెట్టాల్సిన టైమ్ దాటిపోయింది. ఎందుకు దాటింది, ఎన్ని దెబ్బలు కొట్టిందో ఎవరూ లెక్క రాయలేదు. ఎందుకు రాయలేదు, మిషన్ మీద కౌంటర్ పాడై నెలరోజులైంది. ఎందుకు బాగు చేయలేదు... ఇక్కడికి వచ్చేసరికి ఆ ఆపరేటర్ పేరు రిపోర్ట్‌లో ఉండదు, ఒక స్పేర్ పార్ట్ పేరు ఉంటుంది. అది రాసి ఇవ్వు, తిప్పి పంపరు.

ఇదంతా నీకు చెప్పగలిగేవాడు ఆ మిషన్ దగ్గర ఏళ్ల తరబడి నిలబడినవాడే. పంచ్ మొద్దుబారితే శబ్దం మారుతుందట, అతను చెవితోనే పట్టేస్తాడు. అతనితో మాట్లాడ్డానికి మరాఠీ అంతా రానక్కర్లేదు, "కాయ్ ఝాల" అంటే ఏమైంది అని, అక్కడ మొదలుపెట్టు. తప్పుగా పలికితే నవ్వుతారు, నవ్విన తర్వాత చెబుతారు.

జావా గురించి. అది నేర్చుకోవడం తప్పు కాదు, మెకానికల్ వాళ్లు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి బాగుపడ్డ ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. కానీ అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఆ కోచింగ్ బోర్డుల కింద చేరే వాళ్లలో ఎక్కువమంది నీకంటే ముందు నుంచి అదే రాస్తున్నవాళ్లు, నువ్వు అక్కడ మళ్లీ ఫ్రెషర్‌వి, ఈసారి జీతం లేకుండా. నీకు ప్రోగ్రామ్ రాయడం అంటే ఇష్టమా, లేక రాత్రి షిఫ్టు అంటే కష్టమా? రెండూ ఒకటి కాదు. రాత్రి షిఫ్టు వారాల్లో మారుతుంది, ట్రెయినీ ఏడాదిలో డిపార్ట్‌మెంట్లు కూడా మారుస్తారు, టూల్ రూమ్‌కో క్వాలిటీకో వేయమని రాతపూర్వకంగా అడుగు. ఈ లోపల ఆదివారాలు రెండేసి గంటలు జావా రాసి చూడు, రెండు నెలలకు కూడా కూర్చోబుద్ధైతే అప్పుడు మానేసే సంగతి మాట్లాడదాం. ఒక్క నియమం మాత్రం పెట్టుకో, పొద్దున ఆరు గంటలకు షిఫ్టు దిగి ఏ నిర్ణయమూ తీసుకోకు. పడుకుని లేచాక తీసుకో.

ప్రశ్న: తెలుగు మీడియంలో చదివాను. మీటింగ్‌లో ఇంగ్లీషులో మాట్లాడాలంటే టెన్షన్. నా పని పూర్తయినా చెప్పుకోలేకపోతున్నా.
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీటింగ్‌కు ముందే మూడు వాక్యాలు కాగితం మీద రాసుకోండి: నిన్న ఏం చేశాను, ఎక్కడ ఆగింది, ఎవరి నుంచి ఏం కావాలి. చూసి చదవండి, ఏం పర్వాలేదు. తప్పుల ఇంగ్లీషుకు ఉద్యోగం పోయినవాణ్ని నేను చూడలేదు. పని ఆగిపోయిందని నాలుగు రోజులు చెప్పకుండా దాచి, డెడ్‌లైన్ రోజు బయటపెట్టిన వాళ్లను మాత్రం ఇద్దర్ని తీసేయడం చూశాను, ఇద్దరూ ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్లే.

ప్రశ్న: బాబు బెంగళూరులో ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. ఫోన్ చేస్తే "ఆ, తిన్నా, పనుంది" అని పెట్టేస్తాడు. కాలేజీలో ఉన్నప్పుడు గంటసేపు మాట్లాడేవాడు. ఏదైనా ఇబ్బందిలో ఉన్నాడేమో అని భయంగా ఉంది.
- ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: కొత్తలో చాలామంది ఇంతేనమ్మా. పొద్దంతా తెలియని పని మధ్య తెలిసినట్టు కూర్చుని వచ్చేసరికి నోట మాట రాదు. తిండి సరిగా తినకపోవడం, రాత్రుళ్లు నిద్ర లేదనడం, ఉద్యోగం మాటెత్తితేనే కోపం, ఇవి కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా బస్సెక్కి వెళ్లి రెండు రోజులు ఉండి రండి. లేదంటే పనిరోజుల్లో వదిలేసి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేయండి, తిన్నావా అని కాకుండా ఈ వారం ఏం పని చేయించార్రా అని అడగండి. అర్థం కాకపోయినా వినండి. మా అమ్మకు స్లాబ్ అంటే ఏమిటో, బీమ్ అంటే ఏమిటో చివరిదాకా తేడా తెలియదు, నేను చెబుతూనే ఉండేవాణ్ని, ఆవిడ ఊ కొడుతూనే ఉండేది. కానీ స్లాబ్ వేసిన రోజు రాత్రి ఫోన్ చేసి ఒక్కటే అడిగేది, "వాన పడలేదు కదరా?" అని.